మన కొలతలు మన పుస్తకంలో ఉండాలి

(గౌడవెల్లిలో జరిగిన మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో సంఘ సభ్యురాలు, కుట్టు శిక్షకురాలు చేసిన ప్రసంగ పాఠం. సభ్యులు కోరినందున ఇక్కడ ఇస్తున్నాం.)



పొద్దున్నుంచి లెక్కలే విన్నాం. పొదుపు ఎంత, అప్పు ఎంత, తిరిగి కట్టింది ఎంత అని అన్నీ చదివారు. నేను కూడా లెక్కే చెప్పడానికి వచ్చాను. కానీ ఇది పైసల లెక్క కాదు. ఇదిగో, ఈ టేపు లెక్క. కుట్టు మిషన్ ఉన్న ప్రతి ఇంట్లో ఉంటుంది. ఒక పక్క 60 అంగుళాలు, ఇంకో పక్క 150 సెంటీమీటర్లు. పది రూపాయలో ఇరవై రూపాయలో పెడితే వస్తుంది.

ఇక్కడ ఎంతమందికి మీ పొదుపు ఎంతో తెలుసు? చేతులెత్తండి. చూశారా, అందరూ ఎత్తారు. మీ నడుము కొలత ఎంతో తెలిసినవాళ్లు? ... నాలుగు చేతులు. అందులో ఇద్దరు టైలర్లే! నవ్వకండి అక్కా, రెండేళ్ల కింద వరకు నాది కూడా నాకు తెలియదు.

నా సంగతి ముందు చెప్తాను. పెళ్లయి ఇక్కడికి వచ్చిన కొత్తలో గుండ్లపోచంపల్లి అపారెల్ పార్కులో ఒక కంపెనీలో చేశాను. నాది చెకింగ్ టేబుల్. కుట్టిన బట్టను బల్ల మీద పరచి, టేపు పెట్టి, చార్టులో ఉన్న సైజుకు సరిపోయిందా లేదా చూడాలి. అర అంగుళం తేడా వస్తే పక్కన పడేయాలి. అన్నేళ్లు రోజూ టేపు పట్టుకున్నాను గాని ఒక్క మనిషిని కొలవలేదు. బట్టనే కొలిచాను. ఆ బట్ట వేసుకునే మనిషి ఎట్లుంటదో చార్టుకు పట్టదు.

తర్వాత ఇంట్లోనే మిషన్ పెట్టుకున్నాను, సంఘం అప్పుతోనే. అప్పుడు మన మనుషులు వచ్చారు. వస్తూ వస్తూ చేతిలో ఒక సంచి, అందులో ఆది జాకెట్టు. "కొల్త ఎందుకు బిడ్డా, ఆది తెచ్చిన కదా, దానిలెక్క కుట్టు" అంటారు. నాకూ అదే సులువు. ఆది జాకెట్టు పరచుకోవడం, దాని మీద గీసుకోవడం. కంపెనీలో చేసిన పనే మళ్లీ చేస్తున్నానని అప్పుడు నాకు తోచలేదు.

మా సంఘంలోనే ఒక పెద్దమ్మ ఉంది. ఆమె అనుమతితోనే చెప్తున్నాను, పేరు మాత్రం చెప్పను. బిడ్డ పెళ్లికి మూడు జాకెట్లు కుట్టమని ఆది జాకెట్టు ఇచ్చింది. అది ఎప్పటిదో ఆరేడేళ్ల కిందటిది. దాని ప్రకారం కుట్టి ఇచ్చేశాను. పెళ్లి రోజు పొద్దున హుక్కులు పడలేదు. పిన్నీసులు పెట్టుకొని, కొంగు నిండుగా కప్పుకొని, బిడ్డ పెళ్లంతా అట్లనే తిరిగింది. తర్వాత నేను వెళ్లి అడిగితే ఏమన్నదో తెలుసా? "నీ తప్పు కాదు బిడ్డా, నేనే లావైన." నేను గమ్మున ఊరుకున్నాను. తప్పు నాది. మనిషి ఎదురుగా ఉండగా పాత బట్టను కొలిచింది నేను. మాట పడింది ఆమె.

సంగతి అక్కడితో అయిపోతే ఈరోజు ఈ మైకు పట్టుకునేదాన్ని కాదు. ఆ ఏడాదే ఆశ అక్క ఇంటింటికీ వచ్చి ఫారం నింపుతోంది. ముప్పై ఏళ్లు దాటినవాళ్లందరికీ ఆ ఫారం ఉంటుంది. వయసు, బీడీ, మందు అలవాటు, ఇంట్లో బీపీ షుగరు ఉందా అని అడుగుతారు, నడుము కొలత కూడా అడుగుతారు. టేపు తీస్తే పెద్దమ్మకు సిగ్గేసింది. వాకిట్లో నలుగురు ఉన్నారు. "నా నడుము ముప్పై, నా జాకెట్ల కొల్త అదే, రాసుకో" అన్నది. ముప్పై అంగుళాలంటే 76 సెంటీమీటర్లు. ఫారంలో ఆడవాళ్లకు 80 వరకు సున్నా మార్కు, 81 నుంచి 90 దాకా ఒకటి, 90 దాటితే రెండు. పెద్దమ్మకు సున్నా పడింది. "నాకేం లేదట" అనుకొని పరీక్షలకు పిలిచిన రోజు పోనేలేదు.

రెండేళ్ల తర్వాత కాలికి ముల్లు గుచ్చుకొని పుండు మానకపోతే అప్పుడు తెలిసింది, షుగరు ఉన్నదని. ఒక వేలు తీసేశారు. ఇప్పుడు మంచిగుంది, మందులు వేసుకుంటోంది, ఇదిగో ముందు వరుసలోనే కూర్చొని నవ్వుతోంది. ఆమె ఇంటికి వచ్చాక నేను టేపు పెట్టి కొలిచాను. 38 అంగుళాలు. అంటే 96 దాటింది. ఆ ముప్పై ఎక్కడిదంటే, నేను కుట్టిన జాకెట్టు అడుగు పట్టీది. నా దుకాణంలో జరిగిన పొరపాటు ఆమె ఆరోగ్య ఫారంలోకి ఎక్కింది.

అందుకే ముందుగా ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మనం "నడుము" అని ఒకే మాట అంటాం గాని, ఆడదానికి నడుములు మూడున్నాయి.

మొదటిది జాకెట్టు నడుము. అది నిజానికి నడుమే కాదు. ఛాతీ కింద, పక్కటెముకల మీద వచ్చే చుట్టు. అక్కడ కొవ్వు తక్కువ. పొట్ట ఎంత పెరిగినా ఆ కొలత పెద్దగా మారదు.

రెండోది లంగా నాడా కట్టే నడుము. ఒకరు బొడ్డు మీద కడతారు, ఒకరు బొడ్డు కింద కడతారు. పొట్ట వచ్చినకొద్దీ నాడా కిందికి జారుతుంది, కొలత మాత్రం అంతే కనిపిస్తుంది. "నా లంగా ఇరవై ఏళ్ల నుంచి అదే సైజు" అనేవాళ్లు ఒకసారి నాడా ఎక్కడ కడుతున్నారో చూసుకోండి.

మూడోది డాక్టరు నడుము. ఫారంలో రాయాల్సింది ఇదే. పక్కన చెయ్యి పెట్టి చూడండి, చివరి పక్కటెముక తగులుతుంది. దాని కింద తుంటి ఎముక పైఅంచు తగులుతుంది. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యన టేపు పెట్టాలి. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడాలి. పొట్ట లోపలికి పీల్చవద్దు, మామూలుగా ఊపిరి వదిలినప్పుడు చూడాలి. టేపు ముందూ వెనకా ఒకే ఎత్తున ఉండాలి, చర్మాన్ని తాకాలి గాని నొక్కకూడదు. చీర కుచ్చిళ్ల మీద నుంచి కొలిస్తే రెండు మూడు అంగుళాలు ఎక్కువ చూపిస్తుంది. గదిలోకి పోయి, తలుపు వేసుకొని, లంగా కాస్త కిందికి జరిపి కొలుచుకోవాలి.

అంకెలు చదవడం రాని అమ్మలకు ఇంకో ఉపాయం ఉంది. ఒక దారం తీసుకోండి. తల నుంచి పాదం దాకా మీ ఎత్తంత కొలిచి తెంపండి. దాన్ని సగానికి మడవండి. ఆ సగం దారం మీ నడుము చుట్టూ వచ్చి కొసలు కలవాలి. కలిస్తే మంచిదే. కలవకుండా మధ్యలో ఖాళీ ఉంటే, నడుము మీ ఎత్తులో సగం దాటిందన్నమాట. అయిదడుగుల మనిషికి సగం అంటే 30 అంగుళాలు. నడుము ఎత్తులో సగానికి లోపు ఉండాలన్నది డాక్టర్లు కూడా చెప్పే లెక్కే.

"నేను సన్నగనే ఉన్న, నాకెందుకు?" అని ఈ చివర కూర్చున్న చెల్లె అనుకుంటోంది. నీకే చెప్తున్న చెల్లె, విను. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్లు తమ ఫొటో వేసుకొని, తమ లెక్కలే రాశారు. ఒకాయన పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకాయన లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువు లెక్క కడితే ఇద్దరిదీ ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు చూస్తే లండన్ ఆయనకు నూటికి 9 పాళ్లు, మన దేశం ఆయనకు 21 పాళ్లు. చూడటానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు ఉండటం మన దేశస్థుల్లో ఎక్కువ. చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రమే వస్తే బరువు కాటా దాన్ని పట్టుకోలేదు. టేపు పట్టుకుంటుంది. అందుకే మన ఆడవాళ్లకు హద్దు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 అని పెట్టారు. ఇంటికి పోయి మీ ఆయనను కూడా కొలవండి.

అయితే ఒక మాట. టేపు డాక్టరు కాదు. 80 దాటితే రోగం ఉన్నట్టు కాదు, పరీక్ష చేయించుకోమని చెప్పినట్టు. 80 లోపు ఉంటే ఏమీ లేదని కూడా కాదు. ఆశ అక్క ఫారంలో మార్కులు కలిపితే నాలుగు దాటినవాళ్లను ముందు పంపిస్తారు గాని, ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ మార్కులు ఎన్ని వచ్చినా బీపీ, షుగరు చూపించుకోవాలి. నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం పరీక్షలు కూడా చేయించుకోవాలి. రక్తం తక్కువుంటే టేపుకు తెలియదు. గర్భిణులకు, కొత్తగా కాన్పు అయినవాళ్లకు ఈ లెక్క వర్తించదు. తినే తిండి అట్లనే ఉండి పొట్ట ఒక్కటే ఉన్నట్టుండి పెరిగినా, ఒళ్లు ఉన్నట్టుండి తగ్గిపోయినా అది కొలుచుకొని ఊరుకునే సంగతి కాదు, దవాఖానకు పోవాలి.

ఇంకొకటి కూడా నాడా గురించే. నడుము పెరిగినా పాత నాడా అంతే బిగించి కడితే అక్కడ నల్లటి మచ్చ పడుతుంది, ఒరుసుకుపోయి పుండవుతుంది. 2024లో వార్ధా, మధుబని డాక్టర్లు ఇద్దరు పెద్దవయసు ఆడవాళ్ల సంగతి వైద్య పత్రికలో రాశారు. నాడా కట్టే చోట చాలా కాలం మానని పుండు చర్మ క్యాన్సర్ అయింది. భయపెట్టడానికి చెప్పడం లేదు, అది చాలా అరుదు. కానీ నాడాకు బదులు వెడల్పు పట్టీ వేయించుకోండి, వదులుగా కట్టుకోండి, మానని పుండు ఉంటే దాచకండి.

ఇక బట్టల సంగతికి వద్దాం. మన ఒళ్లు ఏ తీరుగా ఉందో తెలుసుకోవడానికి మూడు కొలతలు చాలు. ఛాతీ నిండుగా ఉన్నచోట ఒకటి, నడుము సన్నగా ఉన్నచోట ఒకటి, టైలర్లు సీటు అంటారే, ఆ తుంటి అన్నిటికన్నా వెడల్పుగా ఉన్నచోట ఒకటి. పక్కకు వంగితే మడత ఎక్కడ పడుతుందో అదే బట్టల నడుము.

సీటు ఛాతీ కంటే రెండు అంగుళాలకు మించి ఎక్కువ ఉంటే సొరకాయ తీరు. వీళ్లకు రెడీమేడ్ కుర్తా పైన సరిపోతుంది, కింద పట్టేస్తుంది. సీటును బట్టి సైజు కొని పైన పక్కలు లోపలికి పట్టించుకోవాలి. ఛాతీ సీటు కంటే అంతే ఎక్కువ ఉంటే బొంగరం తీరు. వీళ్లు ఛాతీని బట్టి కొనాలి. ఛాతీ, సీటు దాదాపు సమానంగా ఉండి నడుము ఎనిమిది తొమ్మిది అంగుళాలు తక్కువుంటే డమరుకం. రెండూ సమానంగా ఉండి నడుము అంత తగ్గకపోతే స్తంభం. నడుమే ఛాతీ దాకా వస్తే కడవ. కడవ తీరు వాళ్లకు కుర్తా ముందు పైకి లేచి వెనక కిందికి కనిపిస్తుంది. ముందు భాగం ఒక అంగుళం పొడవు ఎక్కువ పెట్టమని టైలరుకు చెప్పండి, సరిపోతుంది.

ఈ పేర్లు కత్తెర పట్టుకునేవాళ్లకు గుర్తుండటానికి నేను పెట్టుకున్నవి. ఒకరినొకరు పిలుచుకోవడానికి కాదు. కోడలిని "కడవ" అన్నారని నా దగ్గరికి పంచాయితీ వస్తే నేను చెప్పను! ఏ తీరూ మంచిది కాదు, ఏ తీరూ చెడ్డది కాదు. కాన్పులు, వయసు, ముట్లు ఆగడం, పొద్దంతా వంగి చేసే పని, వీటన్నిటితో తీరు మారుతూనే ఉంటుంది.

కుట్టు నేర్చుకుంటున్న చెల్లెళ్లకు ఒక మాట. భుజం జారుతోందని మన దగ్గరికి ఎక్కువ జాకెట్లు తిరిగి వస్తాయి. కారణం చాలాసార్లు ఇదే. నిండు ఛాతీ ఒక్కటే కొలిచి, భుజం, మెడ, చంక అన్నీ దాని మీద లెక్క కడతాం. చంకల కింద నుంచి, ఛాతీ పైన ఇంకో కొలత తీయండి. పైన 33, నిండుగా 37 ఉందనుకోండి. భుజం, మెడ, చంక 33కు గీయాలి. తేడా నాలుగు అంగుళాలు ముందు భాగంలో, డాట్లలో ఇవ్వాలి. అప్పుడు భుజం నిలుస్తుంది, ముందు పట్టేయదు. లోపల రెండు పక్కలా అంగుళం, అంగుళంన్నర బట్ట వదలండి. మనిషి మారుతుంది, బట్ట కూడా మారగలగాలి.

రెడీమేడ్ దుకాణంలో ఒకచోట ఎల్ సరిపోతుంది, ఇంకోచోట డబుల్ ఎక్సెల్ కూడా పట్టదు. "ఛీ, ఇంత లావయ్యానా" అని ఏడ్చినవాళ్లను చూశాను. అక్కా, ఆ అక్షరాలకు మన దేశంలో అందరికీ ఒకటే కొలత అంటూ లేదు. చాలా కంపెనీలు విదేశీ చార్టులు చూసి మార్చుకున్నవే వాడుతూ వచ్చాయి. అందుకే మన మనుషులను కొలిచి మన సైజులు తయారు చేయాలని నిఫ్ట్ సంస్థ ఇండియాసైజ్ అనే సర్వే పెట్టుకుంది. 25 వేల మందిని కొలిచే ఆ పనికి ఎంచుకున్న ఆరు నగరాల్లో మన హైదరాబాద్ ఒకటి. ఇంత పెద్ద దేశమే "మా చార్టు మాకు సరిపోతలేదు" అని ఒప్పుకున్నప్పుడు, డ్రెస్సు పట్టలేదని మనమెందుకు తల దించుకోవాలి?

బడి పిల్లల యూనిఫాంలకూ ఇదే మాట. 2024లో సర్కారు బడి యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు వచ్చింది, కుట్టుకూలి 75 రూపాయలు చేశారు. పని ఎక్కువ, రోజులు తక్కువ. తరగతికి ఒక సైజు అని అందాజుగా కుడితే త్వరగా అవుతుంది. కానీ ఎనిమిదో తరగతిలో నిండుగా ఉన్న ఆడపిల్ల ఒకతి ఉంటుంది. చొక్కా పట్టేస్తే ఆ పిల్ల ఏడాదంతా సంచి గుండెలకు అడ్డం పెట్టుకొని నడుస్తుంది. అందరి ముందు కొలవకండి, కొలత బిగ్గరగా చదవకండి. పక్కకు పిలిచి, ఒక ఆడమనిషి కొలిచి, కాగితం మీద రాసుకోండి. ఆ పిల్ల నేర్చుకునే మొదటి పాఠం అదే, నా ఒళ్లు దాచుకోవాల్సింది కాదు, కొలత చెప్పుకోవచ్చు అని.

నడుము తగ్గాలంటే ఏం చేయాలని అడుగుతారు. నేను డాక్టరును కాను. మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024లో వాళ్లు ఇచ్చిన సూచనల్లో, రోజు మొత్తం శక్తిలో అన్నం, రొట్టెల వంటి ధాన్యాల వాటా నూటికి 45 దాటవద్దన్నారు. పప్పులు, కూరగాయలు, ఆకుకూరలు పెంచమన్నారు. మన కంచంలో అన్నం గుట్ట, కూర చెంచాడు ఉంటుంది. దాన్ని కొంచెం తిప్పాలి. మిషన్ మీద కూర్చునేవాళ్లు ఒక జాకెట్టు అవగానే లేచి నాలుగు అడుగులు వేయండి. స్టేషన్ దాకా ఆటో ఎక్కకుండా నడవండి. మన గౌడవెల్లికి రైలు ఉంది కదా, ఎక్కేది రైలే అయినా అక్కడికి పోయేది కాళ్లతో పోవచ్చు.

చివరగా నా కోరిక ఒక్కటే. మన పొదుపు పుస్తకం వెనక ఒక ఖాళీ పేజీ ఉంటుంది. ఈరోజు ఇంటికి పోయి అందులో తేదీ వేసి అయిదు అంకెలు రాయండి. ఎత్తు, పై ఛాతీ, నిండు ఛాతీ, డాక్టరు నడుము, సీటు. ఆరు నెలలకొకసారి దాని కిందే మళ్లీ రాయండి. టైలరు దగ్గరికి పోయినా, ఆశ అక్క వచ్చినా ఆ పేజీ తీయండి. ఎవరూ చూడొద్దనుకుంటే చూపించకండి, కానీ మీకైతే తెలిసి ఉండాలి. అప్పు ఎంతుందో తెలియకుండా కిస్తీ ఎట్లా కడతాం?

నా వంతుగా సమాఖ్య ఆఫీసులో నెలకు రెండు రోజులు కూర్చుంటానని లీడర్లకు మాటిచ్చాను. తలుపు వేసే ఉంటుంది, లోపల ఆడవాళ్లమే ఉంటాం. ఆది జాకెట్టు తేవద్దు. మీరు రండి.

మొదటి పేజీ పెద్దమ్మది రాశాం. నిన్న మళ్లీ కొలిస్తే 36 అయింది. ఇంకా తగ్గాలి, ఆమెకు తెలుసు. కొత్త జాకెట్టు కుట్టి ఇచ్చాను, ఈరోజు వేసుకొనే వచ్చింది. హుక్కులన్నీ పడ్డాయి.